అతుకు వేసిన బ్రాకెట్టు

మొన్న పొద్దున బాన్సువాడ బస్టాండు ఎదురుగా చాయ్ తాగుతుంటే, పక్కన ఆగి ఉన్న ఒక పాత కారు స్టార్టయింది. స్టార్టయిన వెంటనే దాని ముందు భాగం నుంచి పిల్లి తోక తొక్కినట్టు సన్నగా ఒక కీచు వచ్చింది. రెండు క్షణాలు కూసి ఆగిపోయింది. ఆ వెనకాలే కాలిన రబ్బరు వాసన. చుట్టూ పదిమంది ఉన్నారు, ఎవరూ తల తిప్పలేదు. నేను గ్లాసు కింద పెట్టి వెళ్ళి ఆ కారు అద్దం మీద తట్టాను. "అన్నా, డైనమో బిగింపు ఒక్కసారి చూపించుకో. బెల్టు జారుతున్నది," అన్నాను. ఆ డ్రైవరు నన్ను, నా చీరను, చీర మీద తొడుక్కున్న ఖాకీ చొక్కాను చూసి నవ్వాడు. "బెల్టు నిన్ననే మార్చిన అక్కా," అని బండి ముందుకు పోనిచ్చాడు. నిన్న మార్చిన బెల్టు ఇవాళ ఎందుకు కూస్తున్నదో అడగాలి కదా అనుకున్నాను. నిజానికి ఆ మాట నాది కాదు, యూసుఫ్ చాచాది. ఆయన పోయి మూడేళ్ళు దాటింది.

బోధన్ రోడ్డులో ఒక రైస్‌మిల్లు గోడకు ఆనుకుని ఆయన రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. పాత కార్లు, జీపులు, వ్యాన్ల కరెంటు పని మాత్రమే చేసేవాడు. కంప్యూటర్ పెట్టి చూసే కొత్త బండి ఏదైనా వస్తే, "దీని డాక్టరు వేరే ఉన్నడు," అని మర్యాదగా పంపించేవాడు. బక్కపలచని మనిషి, తెల్లటి పొట్టి గడ్డం, ఒక పక్క దారంతో కట్టిన కళ్ళజోడు. బండి రాగానే పానా పట్టుకునే అలవాటు ఆయనకు లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, బానెట్ ముందు నిలబడి, ఇంజిన్ నడుస్తుంటే చాలాసేపు వినేవాడు. తొందరలో ఉన్నవాళ్ళకు ఆ నిలబడటం చూస్తే ఒళ్ళు మండేది. మొదటిసారి నాకూ మండింది.

నాది బాన్సువాడకు దగ్గరలో ఒక తండా. డిగ్రీ చదివాను. చదివిన చదువుకు ఉద్యోగం రాలేదు, పెళ్ళయింది. నా భర్త రవి ఒక పాత డీజిల్ వ్యాన్ నడిపేవాడు. ఒక కోతల కాలంలో పొలం గట్టు మీద ట్రాక్టర్ తిరగబడి ఆయన నడుము విరిగింది. ప్రాణం దక్కింది గానీ గంటసేపు కూర్చోవడం కూడా ఆయన వల్ల కాలేదు. వ్యాన్ చింతచెట్టు కింద దుమ్ము పట్టిపోతుంటే, నేనే నడపడం నేర్చుకున్నాను. తండాలో ఆడవాళ్ళు నా ముఖం మీద ఏమీ అనలేదు, నేను దాటిపోయాక అనుకున్నారు. ఆ వ్యాన్ నా పెళ్ళి కంటే పాతది. వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, కిడ్నీలు పాడైనవాళ్ళను డయాలిసిస్ కోసం నిజామాబాద్ తీసుకుపోయి తీసుకురావడం నాకు దొరికిన పని. మిగతా రోజుల్లో ఏ కిరాయి వస్తే అది.

ఆ పని మొదలైన ఏడాది బండికి ఒక పీడ పట్టింది. బ్యాటరీ గుర్తు ఎర్రలైటు వెలిగి ఆరుతూ ఉండేది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. మరొకడు ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఆ బెల్టు తెగితే ఇంకొకటి, అదీ పోతే ఇంకొకటి. అప్పుడెవరో యూసుఫ్ చాచా షెడ్డు చూపించారు.

"రెండు నెలల్ల మూడు బెల్టులు పోయినయ్ చాచా. డైనమో ఖరాబయిందంటున్నరు," అన్నాను.

ఆయన అయిదు నిమిషాలు విన్నాడు. తర్వాత ఇంజిన్ ఆపమని సైగ చేసి, "పాత బెల్టులు ఏడున్నయ్?" అని అడిగాడు.

"బండిలనే ఉన్నయ్. పారెయ్యలేదు."

"మంచి పని చేసినవ్. తే."

మూడు బెల్టులనూ వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా తిప్పుతూ అంచులు తడిమాడు. నా చేతికిచ్చి నన్నూ తడమమన్నాడు. ఒక అంచు నున్నగా ఉంది, రెండో అంచు మేక నమిలినట్టు పీచు లేచి ఉంది. మూడింటికీ అంతే. "మూడు ఒక్క పక్కకే అరిగినయ్. బెల్టుది తప్పయితే రెండు దిక్కుల అరుగుతది. గీ డైనమో వంకర నిలవడ్డది," అన్నాడు.

చదివేవాళ్ళకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. బండి నడుస్తున్నంతసేపు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేదాన్ని ఆల్టర్నేటర్ అంటారు, మా దగ్గర పాత అలవాటు కొద్దీ డైనమో అంటాం. అది ఇంజిన్ పక్కన ఒక ఇనుప బ్రాకెట్టుకు వేలాడుతుంది. కింద ఒక పొడుగు బోల్టు దాన్ని మోస్తుంది, పైన చీలిక ఉన్న ఒక పట్టీ దాన్ని అటూ ఇటూ కదలకుండా పట్టుకుంటుంది. మా పాత బండిలో డైనమోను తిప్పే బెల్టే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళ పంపును కూడా తిప్పుతుంది. అందుకని ఆ బ్రాకెట్టు సరిగా లేకపోతే పోయేది ఒక్క లైటు కాదు.

చాచా ఒక తిన్నటి ఇనుప కడ్డీని బెల్టు తిరిగే రెండు పుల్లీల మీద అడ్డంగా ఆనించాడు. ఒక చివర కడ్డీకీ పుల్లీకీ మధ్య సందులోంచి వెలుతురు కనిపించింది. తర్వాత డైనమోను రెండు చేతులతో పట్టి ఊపితే ఊడబోయే పన్నులా కదిలింది. కింది బోల్టు లాగి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం అరిగి కోడిగుడ్డులా సాగింది. మధ్యలో ఉండాల్సిన గొట్టం ముక్క లేదు, దాని బదులు ఎవరో మూడు వాషర్లు పేర్చారు.

"ఎవ్వడో తొందరల ఉండి గీ మూడు వాషర్లు పెట్టిండు. వాని తొందర నీ బెల్టులను తిన్నది," అన్నాడు. లేత్ మిషన్ దగ్గర ఆ గొట్టం ముక్క, అదే బుష్, కొత్తది చేయించాలి, రేపు సాయంత్రం దాకా బండి కదలదన్నాడు. రేపు కిరాయి ఉందని నేను గొణిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "అయితే వాళ్ళకు వేరే బండి మాట్లాడియ్యి," అన్నాడు, అది చాలా మామూలు విషయమైనట్టు.

మరునాడు బుష్ తెచ్చి బిగించేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. బ్రాకెట్టు ఇంజిన్‌కు ఆనే చోట తుప్పును, పాత రంగును ఇనుము మెరిసేదాకా గీకాడు. అంత గీకడం దేనికని అడిగితే, కరెంటు తిరిగి పోయే దారి ఆ ఇనుమేనన్నాడు. "కరెంటు వచ్చే తొవ్వ అందరు చూస్తరు. పోయే తొవ్వ ఎవ్వరు చూడరు." తర్వాత పానా నా చేతికిచ్చాడు. "బండి నీది. రోడ్డు మీద నేనుండ. నువ్వే బిగియ్యి." బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలని, అంతకంటే బిగిస్తే బేరింగు పోతుందని, వదిలితే జారుతుందని చెప్పాడు. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ ఏదో పని పెట్టి పిండుకోవడానికి కాబోలు అనుకుంటూనే వెళ్ళాను. ఆయన పానా పెట్టి పావు చుట్టు తిప్పి, "కొత్త బిగింపు కుదురుకున్నంక ఒకసారి చూడాలె. ఇగ పో," అని పంపించేశాడు. ఆ పావు చుట్టు కోసమే రమ్మన్నాడు. ఆ తర్వాత ఆ బెల్టు రెండేళ్ళు నడిచింది.

ఆయనకు చక్కెర జబ్బు ఉందని తెలుసు. చెప్పుల్లోంచి పాదాలు ఉబ్బి కనిపించేవి, అడిగితే నిలబడే పని కదా అనేవాడు. ఒక రోజు షెడ్డుకు పోతే సగం రేకు దించి ఉంది. చాచి, అంటే ఆయన భార్య, స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు కిడ్నీలూ పోయాయని చెప్పింది. పదిహేను రోజుల తర్వాత ఆయన నా వ్యాన్‌లో మూడో సీటు ప్రయాణికుడయ్యాడు. చేతిలో ఒక బట్ట సంచీ, అందులో తువ్వాలు, ఒక బన్ను. ఎక్కేటప్పుడు, "నీ బండి మంచిగ చేసి మంచి పని చేసిన. ఇప్పుడు నాకే పనికొచ్చింది," అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ వ్యాన్‌లో కోటగిరి నుంచి ఎక్కే లచ్చవ్వ అనే పెద్దామె ఉండేది. కాస్త చుట్టయినా అటు తిరిగి ఆమెను ఎక్కించుకునేదాన్ని. ఆమె కూతురు సుజాత తోడు వచ్చేది. లచ్చవ్వకు నీళ్ళు కొలిచి తాగాలని డాక్టర్లు చెప్పారు. దారి పొడుగునా కాలువల్లో నీళ్ళు పారుతుంటే కిటికీలోంచి చూస్తూ, "ఇన్ని నీళ్ళు పెట్టి నాకు మాత్రం గిలాసల సగం," అనేది. మా బండిలో ఎవరైనా నవ్వారంటే అది ఆమె మాటకే.

చాచా వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నా ఇంజిన్ వింటూనే ఉండేవాడు. ఒక గురువారం వర్ని దాటాక, "జమునా, పక్కకు ఆపు," అన్నాడు. నాకేమీ వినిపించలేదు. ఆపి బానెట్ ఎత్తాను. ఆయన ఎడమ చేతికి డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేశారు, ఆ చేత్తో బరువు పట్టకూడదు. కుడి చేత్తో సంచీ పట్టుకుని, వరి మడి గట్టు మీద నిలబడి చెప్పాడు, నేను చేశాను. కింది బోల్టు అర చుట్టు వదులైంది. నేను బిగించబోతే ఆపాడు.

"ఆగు. ఎందుకు వదులైందో అడుగు."

"కుదుపులకు వదులైంది కావొచ్చు చాచా."

"కుదుపులు నిన్న లేవా? ఇయ్యాలెందుకు వదులైంది?"

బోల్టు వదులు కాకుండా పట్టే స్ప్రింగ్ వాషర్ తీసి చూస్తే చచ్చి చదునైపోయి ఉంది. అదెందుకు చచ్చిందని మళ్ళీ అడిగాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి చూడమన్నాడు. ఇంజిన్ మొత్తం చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. ఇంజిన్‌ను కింద మోసే రబ్బరు దిమ్మల్లో ఒకటి చీలిపోయింది. ఆ వణుకంతా బ్రాకెట్టు మీద, బ్రాకెట్టు నుంచి బోల్టు మీద పడుతోంది. అప్పటికి కొత్త వాషర్ వేసి బిగించి, తిరిగి వచ్చాక దిమ్మ మార్చాం. మేం బానెట్‌లో తలలు పెట్టి ఉంటే లచ్చవ్వ కిటికీలోంచి, "ఇద్దరు కలిసి బండికి డయాలిసిస్ చేస్తుండ్రు," అన్నది. చాచా గట్టు మీద కూర్చుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆయన్ను అలా నవ్వగా చూడటం నాకదే చివరిసారి.

ఇక చెప్పవలసింది చెప్పాలి. ఆ వానాకాలం చాచాకు నెమ్ము చేసి నిజామాబాద్ దవాఖానలో పది రోజులు ఉన్నాడు. షెడ్డు మూసి ఉంది. ఒక బుధవారం ఉదయం బండి కింద చూస్తే డైనమో బ్రాకెట్టు మెడ దగ్గర పగిలి ఉంది. విప్పి ఒక వెల్డింగ్ షాపుకు తీసుకుపోయాను. అక్కడి మనిషి దాన్ని వేలితో తట్టి, "ఇది పోత ఇనుము అక్కా. అతుకు పక్కపొంటి మళ్ళ పలుగుతది. కొత్తది తెచ్చుకో," అన్నాడు. కొత్తది రావాలంటే రెండు రోజులు. మరునాడు గురువారం. వేరే బండి మాట్లాడి ఇవ్వవచ్చు. అలాంటి బండ్లు బాన్సువాడలో నాలుగైదు ఉన్నాయి. వాటిల్లో ఒకటి కొత్తది, మెత్తటి సీట్లది. ఒక్కసారి అందులో ఎక్కితే వీళ్ళు మళ్ళీ నా డొక్కు బండి ఎక్కుతారా అని భయపడ్డాను. ఈ పని పోతే రవి మందులెట్లా అనుకున్నాను. అతికించమన్నాను. అతను చెప్పిందే మళ్ళీ చెప్పి, అతికించాడు.

గురువారం తెల్లవారుజాము నుంచి వాన. కోటగిరిలో లచ్చవ్వను, సుజాతను ఎక్కించుకుని పది కిలోమీటర్లు పోయామో లేదో, బానెట్ కింద టప్పుమని ఒక చప్పుడు. ఎర్రలైటు వెలిగింది. ఏం జరిగిందో నాకు ఆ క్షణమే తెలుసు. బ్రాకెట్టు విరిగింది, బెల్టు పోయింది, ఇక నీళ్ళ పంపు తిరగదు. అక్కడే ఆపితే ఇంజిన్ అయినా మిగిలేది. ఊరు దగ్గర్లోనే ఉంది కదా అని ఇంజిన్ వేడి చూపే ముల్లును చూస్తూ ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగాను. ముల్లు పైకి పోయి అక్కడే నిలిచింది. ఆవిరి అద్దాన్ని కమ్మింది, ఇంజిన్ పట్టేసింది. ముందున్న కల్వర్టు మీదుగా వాననీళ్ళు పారుతున్నాయి, ఆటో ఒక్కటీ రాలేదు. మూడు గంటల తర్వాత ఒక బండి దొరికి నిజామాబాద్ చేరేసరికి మా వాళ్ళ వంతు దాటిపోయింది. ఆ మిషన్ల మీద అప్పటికే వేరే మనుషులున్నారు, వాళ్ళను లేపమని ఎవరడుగుతారు. బండిలో ఉన్న మిగతా ఇద్దరు రోగులకు సాయంత్రం చోటు దొరికింది. లచ్చవ్వకు శనివారం పొద్దున రమ్మన్నారు.

శనివారం తెల్లవారకముందే ఆమెకు ఆయాసం ఎక్కువైంది. అంబులెన్స్ రుద్రూరు దాటకముందే ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు. నేను కోటగిరి పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. సుజాత నా చేతులు పట్టుకుని, "నీ తప్పేమున్నది అక్కా. బండన్నంక ఆగుతది," అన్నది. నేను తల ఊపాను. "ఉన్నట్టుండి విరిగింది," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలికగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంజిన్ బాగు చేయించడానికి ఇరవై రోజులు పట్టింది. చాచా ఇంటికి వచ్చాడని తెలిసి, విరిగిన బ్రాకెట్టు ముక్కలు పట్టుకుని పోయాను. కొత్తది ఆయనే చూసి ఎంచాలని నా ఉద్దేశం. ఆయన షెడ్డులో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. లచ్చవ్వ సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది. రెండు ముక్కలనూ దగ్గర పెట్టి చూశాడు. విరిగిన చోటు పక్కనే వెల్డింగ్ చార తెల్లగా మెరుస్తోంది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"గిది ఎప్పుడు అతికిచ్చినవ్?"

"బండి ఆగినదానికి ముందటి రోజు."

"అతుకు నిలవదని అతికిచ్చినాయన చెప్పలేదా?"

"చెప్పిండు."

తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన ముక్కల్ని బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా వేరే సంగతి మొదలుపెట్టాడు.

"నేను వయసుల ఉన్నప్పుడు డోంగ్లి దిక్కుది ఒక జీపు వచ్చింది. గిట్లనే బ్రాకెట్టు పోయింది. పండుగ ముందట, చేతి నిండ పని. తీగ పెట్టి నాలుగు చుట్లు కట్టి తోలిచ్చిన. తొవ్వల తీగ తెగి డైనమో పోయి ఫ్యానుకు తాకింది, ఫ్యాను రేకు రేడియేటర్‌ను చీల్చింది. డ్రైవరు బానెట్ ఎత్తంగనే మసిలే నీళ్ళు మొకం మీద పడ్డయ్. ఒక కన్ను పోయింది."

"మరి ఆయన నిన్నేమన్లేదా చాచా?"

"తొందరపడి బానెట్ ఎత్తిన, తప్పు నాదే అన్నడు. నేను గూడ అవునన్న. ఇగ ముప్పై ఏండ్లు, ఏడ కనవడ్డా నాకు సలాం కొట్టిండు. గా సలాం తీసుకుని ఇంటికి పోతే నాకు బువ్వ దిగకపోతుండె. చెప్దాం చెప్దాం అనుకున్న. రెండేండ్ల కింద ఆయన పోయిండు. ఇగ ఎవలికి చెప్పాలె?"

బయట రైస్‌మిల్లు మోత. చాచా దుప్పటి సర్దుకున్నాడు. "నువ్వు నా లెక్క ఉండకు బేటా. కోటగిరి పోయి చెప్పు," అన్నాడు.

"పోత చాచా," అన్నాను.

పోలేదు. కొత్త బ్రాకెట్టు వచ్చింది, ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తుంటే ప్రతి బోల్టూ నేనే బిగించాను. బండి మళ్ళీ రోడ్డెక్కింది. ఆయన మళ్ళీ మూడో సీట్లో కూర్చున్నాడు. లచ్చవ్వ సీట్లో ఇంకొకరు కూర్చున్నారు. కోటగిరి చుట్టు తిరిగే పని ఇక లేదు. ఆ మలుపు దాటేటప్పుడు అద్దంలో చూస్తే ఆయన కళ్ళు తెరిచే ఉండేవి. ఒక్కసారంటే ఒక్కసారి, చలికాలం మొదట్లో, "పోయినవా?" అని అడిగాడు. "ఈ ఆదివారం పోత," అన్నాను. ఆయన తల ఊపి కిటికీ వైపు తిరిగాడు. మళ్ళీ అడగలేదు. అడగకపోవడం అడగడం కంటే బరువుగా ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

పుష్యమాసపు ఒక సోమవారం పొద్దున ఆయన ఇంటి ముందు ఆపి ఎప్పటిలాగే రెండుసార్లు హారన్ కొట్టాను. చాచి ఒక్కతే బయటికి వచ్చింది. ఆమె చేతిలో ఆ బట్ట సంచీ లేదు. కిటికీ దగ్గరికి వచ్చి, "ఇయ్యాల రాడు బేటా," అన్నది. తెల్లవారుజామున నమాజుకు లేపబోతే లేవలేదట. నేను దిగి లోపలికి పోయి ఆయన ముఖం చూశాను. అంతకంటే ఎక్కువసేపు ఉండటానికి వీల్లేదు. బండిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు, నిజామాబాద్‌లో వాళ్ళ మిషన్లు వాళ్ళ కోసం ఆగవు. చాచియే నా భుజం మీద చెయ్యి వేసి, "పో. వాళ్ళను తోలుకపో," అన్నది. ఆ రోజు రానూ పోనూ నూరు కిలోమీటర్లు ఎట్లా నడిపానో నాకు తెలియదు. తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది, మట్టి ఇచ్చి వచ్చిన మగవాళ్ళు వాకిట్లో చేతులు కడుక్కుంటున్నారు.

నలభయ్యో రోజు వాళ్ళ ఇంట్లో అన్నం తిని, అక్కడి నుంచి అటే కోటగిరి పోయాను. సుజాత గడప ముందు కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి సంతోషంగా జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

"సుజాతా, ఆనాడు బండి ఉన్నట్టుండి ఆగలేదు. ముందటి రోజే బ్రాకెట్టు పలిగింది. అతికిస్తే నిలవదని చెప్పిండ్రు. అయినా అతికిచ్చి తోలిన. వేరే బండి మాట్లాడియ్యొచ్చు. మీరు గా బండికే అలవాటు పడ్తరని మాట్లాడియ్యలే."

ఆమె చేతుల్లో తునికాకు సగం చుట్టి ఆగిపోయింది. దారం వేలికి చుట్టుకునే ఉంది. ఆకు వైపే చూస్తూ అన్నది, "అమ్మ ఆ రెండొద్దులు నిన్నే యాదిచేసింది. వానల నానింది, పిల్లకు జరమొచ్చిందో ఏమో, ఫోను చెయ్యమన్నది."

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది.

"గీ ముచ్చట ఇన్నొద్దులకు ఎందుకు చెప్తున్నవ్?"

"చెప్పకుంటే నీ మొకం చూడలేకపోతున్న."

"అంటే నీ కోసం చెప్పినవ్," అన్నది. కోపంగా కాదు, తెలిసిన సంగతిని చెప్పినట్టు. చుడుతున్న బీడీని పూర్తి చేసి కట్టలో పెట్టింది. "పో అక్కా. ఇగ రాకు."

తిరిగి వస్తుంటే మనసు తేలికపడుతుందని ఎదురుచూశాను. పడలేదు. సుజాత అన్నది నిజం. చెప్పడం వల్ల లచ్చవ్వకు గానీ ఆమెకు గానీ ఒరిగింది లేదు. చాచా బతికి ఉంటే ఈ మాట ఆయన్ను అడిగేదాన్ని. ఆయన ముప్పై ఏళ్ళు చేయలేని పని నేను చేశానని చెబితే సంతోషించేవాడో, ఆలస్యం చేశావని అనేవాడో. ఆయన ఉండగానే పోయి ఉంటే ఆ తల ఊపి కిటికీ వైపు తిరగడం అనేది నాకు మిగిలేది కాదు.

ఆ తర్వాత సుజాత బాన్సువాడ అంగట్లో రెండు మూడుసార్లు ఎదురైంది. నన్ను చూసింది, పలకరించలేదు. మూడేళ్ళు అంతే. పోయిన నెల ఒక పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను.

"మా మామకు కన్ను చూపియ్యాలె. నిజామాబాద్ పోవాలె. బండి ఉన్నదా?"

ఉన్నదని నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్ళ తర్వాత ఆమె నన్ను అడిగిన మొదటి మాట. ఎట్లాగైనా పోవాలని ఉంది. కానీ ఆ పొద్దున్నే బానెట్ ఎత్తినప్పుడు డైనమో పై పట్టీ మీద, చీలిక చివర, ఒక సన్నటి గీత కనిపించింది. మసి గీతో పగులో తెలియక బట్టతో తుడిచాను. పోలేదు.

"బండి ఉన్నది గని ఇయ్యాల వద్దు సుజాతా. డైనమో పట్టీల పగులు కనవడ్డది. నడిస్తే నడుస్తది కావొచ్చు. నేను మాత్రం తోలను. ఇయ్యాలే పోవాలంటే వేరే మంచి బండి మాట్లాడిపెడ్త. ఎల్లుండయితే నేనే వస్త."

"ఎల్లుండే రా," అన్నది.

ఫోను జేబులో వేసుకుని పట్టీ విప్పాను. ఎండలో పెట్టి చూస్తే ఆ పగులు వెంట్రుక మందం కూడా లేదు. అది ఆ రోజు రోడ్డు మీద విరిగేదో, ఇంకో ఆరు నెలలు నడిచేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. అది తెలియకుండానే బండి ఆపడం యూసుఫ్ చాచా దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పటికి లచ్చవ్వ లేదు.